మెడ ఆపరేషను తర్వాత వేళ్ళు కొంకర్లు పోతుంటే...

"మా ఆవిడకు థైరాయిడ్ ఆపరేషను జరిగి పన్నెండు రోజులయింది. కుట్లు బాగా మానాయి. మాట కూడా మామూలుగానే ఉంది. కాని పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్లు ఉంటోందంటుంది. సాయంత్రమయ్యేసరికి వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతున్నాయి. మొన్న రాత్రి వంట చేస్తుండగా గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో ఇచ్చిన కాల్షియం మాత్రలు రోజుకు ఆరు వేసుకుంటూనే ఉంది. ఇది నరాల బలహీనత అనీ, బి కాంప్లెక్సు ఇంజక్షన్లు పది చేయిస్తే పోతుందనీ మా వీధిలో అంటున్నారు. చేయించమంటారా?"

ఒక చిన్న పట్నం నుంచి వచ్చిన ఉత్తరమిది. ఈ శీర్షికకు రాసే పాఠకులకు జవాబు అచ్చులో కనిపించాలంటే మూడు నాలుగు వారాలు పడుతుందని మీకు తెలుసు. ఇది అన్నాళ్ళు ఆగే జబ్బు కాదు. అదృష్టవశాత్తు ఉత్తరం చివర ఫోన్ నంబరు రాశారు. ఆ పూటే మాట్లాడాను. ఏం చెప్పానో చివర రాస్తాను. ముందు సంగతేమిటో మీ అందరికీ తెలియాలి. ఎందుకంటే థైరాయిడ్ ఆపరేషను చేయించుకుంటున్న వాళ్ళు ఈ రోజుల్లో మీ వీధిలో ఒక్కరైనా ఉంటారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఒక్క మాట. మన ఇళ్ళల్లో టాన్సిల్స్ తీసినా గొంతు ఆపరేషనే అంటారు, థైరాయిడ్ తీసినా గొంతు ఆపరేషనే అంటారు. టాన్సిల్స్ తీయించుకున్నవాళ్ళు ఇది చదివి గాభరా పడనవసరం లేదు. నేను చెప్పేది మెడ ముందు భాగంలో అడ్డంగా కోసి థైరాయిడ్ గ్రంథిని తీసే ఆపరేషను గురించి. ముఖ్యంగా గ్రంథిని రెండు వైపులా పూర్తిగా తీసేసిన వాళ్ళ గురించి. ఒక వైపు మాత్రమే తీసినవాళ్ళకు ఈ బెడద చాలా అరుదు.

థైరాయిడ్ అంటే, స్కూలు పుస్తకాల్లో అవటు గ్రంథి అని చదువుకున్నామే, అది. సీతాకోకచిలుక రెక్కలు విప్పుకుని గాలిగొట్టం మీద వాలినట్లుంటుంది. ఆ రెక్కల వెనక, కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు అతుక్కుని ఉంటాయి. వీటి పేరు పారాథైరాయిడ్ గ్రంథులు. ఒక్కొక్కటి 30 నుంచి 50 మిల్లీగ్రాముల బరువు. నాలుగూ కలిపి తూచినా పావు గ్రాము తూగవు. పసుపూ గోధుమా కలిసిన రంగులో ఉంటాయి. చుట్టూ ఉండే కొవ్వు ముద్దలూ ఇంచుమించు అదే రంగు. కొందరికి ఐదు ఉంటాయి, కొందరికి మూడే. ఉండవలసిన చోట ఉండకుండా కిందికి, ఛాతీలోకి జారి ఉండేవీ ఉన్నాయి. ఎంత అనుభవమున్న సర్జనయినా వీటి దగ్గర ఆచితూచి కత్తెర వేస్తాడు.

ఈ గింజల సంగతి తెలియడానికి వైద్యులకు చాలా కాలమే పట్టింది. లండన్ జంతు ప్రదర్శనశాలలో చచ్చిపోయిన ఒక ఖడ్గమృగాన్ని 1850 ప్రాంతంలో రిచర్డ్ ఓవెన్ అనే పెద్దమనిషి కోసి పరీక్షిస్తూ మొదటిసారి దీన్ని గమనించాడు. అది మన దేశపు ఖడ్గమృగమే లెండి. మనిషిలో వీటిని గుర్తించి 1880లో రాసినవాడు స్వీడన్ దేశపు వైద్య విద్యార్థి సాండ్‌స్ట్రోమ్. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజుల్లోనే యూరప్‌లో ఇద్దరు మహా సర్జన్లు థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తుండేవారు. వియన్నాలో బిల్‌రోత్, స్విట్జర్లాండులో కోచర్. బిల్‌రోత్ రోగుల్లో కొందరికి చేతులు బిగుసుకుపోయి, మూర్ఛలు వచ్చేవి. కోచర్ రోగులకు అలా కాదు, వాళ్ళు కొన్ని నెలలకు ఒళ్ళు ఉబ్బి, మందకొడిగా తయారయ్యేవారు. ఇద్దరి ఆపరేషన్లూ చూసిన అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ దీనికి కారణం ఊహించాడు. కోచర్ నెమ్మదిగా, నెత్తురు చిందకుండా, థైరాయిడ్‌ను శుభ్రంగా పూర్తిగా తీసేవాడు, చుట్టుపక్కల దేన్నీ ముట్టేవాడు కాదు. బిల్‌రోత్ చెయ్యి చురుకు. థైరాయిడ్ ముక్కలు కొంత మిగిలేవి, వెనకనున్న ఈ చిన్న గ్రంథులు మాత్రం పోయేవి. కోచర్‌కు 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం మెకల్లమ్, ఫోగ్ట్లిన్ అనే ఇద్దరు, పారాథైరాయిడ్లు తీసేసిన కుక్కలకు కాల్షియం ఎక్కిస్తే కొంకర్లు తగ్గిపోతాయని రుజువు చేశారు.

అంటే ఈ గ్రంథుల పని కాల్షియంతో అన్నమాట.

మన ఒంట్లోని కాల్షియంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళల్లోనూ ఉంటుంది. రక్తంలో ఉండేది బహు కొద్ది. వంద మిల్లీలీటర్లకు ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మిల్లీగ్రాములు. ఈ కొద్దిపాటి కాల్షియమే నరాలనూ, కండరాలనూ, గుండెనూ అదుపులో ఉంచుతుంది. అది తగ్గితే నరాలకు కాపలా పోయినట్లే. ఎవరూ తట్టకుండానే అవి ఉలిక్కిపడుతుంటాయి. దాంతో ముందు తిమ్మిర్లు, తర్వాత కండరాలు పట్టుకుపోవడం వస్తాయి. రక్తంలో కాల్షియం కాస్త తగ్గగానే పారాథైరాయిడ్లు ఒక హార్మోను విడుదల చేస్తాయి. ఆ హార్మోను ఎముకల్లోంచి కొంత కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని ఆపుతుంది, మూత్రపిండాల్లో విటమిన్ డిని పనికివచ్చే రూపంలోకి మార్పించి పేగుల్లోంచి మరికొంత రప్పిస్తుంది.

సర్జను ఈ గ్రంథులను కళ్ళతో చూసి, జాగ్రత్తగా పక్కకు తప్పించినా, వాటికి రక్తం తెచ్చే వెంట్రుకలాంటి నాళాలు థైరాయిడ్ రక్తనాళాల నుంచే వస్తాయి. అవి కాస్త కదిలితే చాలు, గ్రంథులు మొద్దుబారిపోతాయి. అందుకే మంచి చేతుల్లో ఆపరేషను జరిగినా, థైరాయిడ్ పూర్తిగా తీసినవాళ్ళలో నూటికి ఇరవై ముప్ఫైమందికి కొద్ది రోజులో, కొద్ది వారాలో కాల్షియం తగ్గుతుంది. "డాక్టరు ఏదో పొరపాటు చేశాడు" అని వెంటనే నిందించకండి. వీళ్ళలో చాలామందికి గ్రంథులు మళ్ళీ తేరుకుంటాయి. ఆరు నెలలు, ఏడాది గడిచినా తేరుకోనివి నూటికి ఒకరిద్దరిలో, మహా అయితే ముగ్గురు నలుగురిలో. కాన్సర్ వల్ల చుట్టూ ఉన్న గడ్డలు కూడా తీయవలసి వచ్చినవాళ్ళకు, రెండోసారి మెడ కోయించుకున్నవాళ్ళకు, థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు ఉన్నవాళ్ళకు, ముందే విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఇక్కడొక తిరకాసు ఉంది. కాల్షియం ఆపరేషను బల్ల మీదే పడిపోదు. మెల్లగా తగ్గుతూ రెండో రోజుకో, నాలుగో రోజుకో అడుగుకు చేరుతుంది. ఈలోగా రోగి బాగానే ఉందని మూడో రోజుకే ఇంటికి పంపేస్తున్నారు. కాబట్టి తిమ్మిర్లు మొదలయ్యేది ఆసుపత్రిలో కాదు, మీ ఇంట్లో. చూసేది నర్సు కాదు, మీరు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. గొప్పగా చెప్పుకునేది కాదు. 1994లో నేను హౌస్ సర్జన్‌ని. ఒక రాత్రి డ్యూటీలో ఉండగా ఇరవై ఏళ్ళ పిల్లను రిక్షాలో తీసుకువచ్చారు. గసపోసుకుంటోంది, ఏడుస్తోంది, రెండు చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయి. పెళ్ళి మాటలు జరుగుతున్నాయని తల్లి చెప్పింది. ఇంకేముంది, పుస్తకంలో చదివినదంతా గుర్తొచ్చింది. ఇష్టంలేని పెళ్ళి, మనసులో ఆందోళన, హిస్టీరియా! నిద్రకు ఇంజక్షను ఇమ్మని కాగితం మీద రాసేశాను. డ్యూటీలో ఉన్న సిస్టరు పెద్దావిడ. ఆ కాగితం చూసి కదలలేదు. "డాక్టర్ గారూ, ఆ పిల్ల మెడ చూశారా?" అంది. ఓణీ మెడ చుట్టూ రెండు చుట్లు తిప్పి ఉంది. తీసి చూస్తే కింద దూదీ ప్లాస్టరూ! నాలుగు రోజుల కిందట మరో ఊళ్ళో థైరాయిడ్ ఆపరేషనయింది. మచ్చ పడితే సంబంధం చెడుతుందని తల్లి ఆ సంగతి దాచింది. డిశ్చార్జి చీటీలో పది రోజులకు కుట్లకు రమ్మని ఉంది తప్ప కాల్షియం అన్న మాటే లేదు.

ఆ పిల్ల చేతులు ఎలా ఉన్నాయంటే, కొత్త గాజులు వేయించుకునేటప్పుడు ఆడవాళ్ళు వేళ్ళన్నీ దగ్గరకు ముడిచి, బొటనవేలు లోపలికి మడిచి చెయ్యి చాపుతారు చూడండి, సరిగ్గా అలా. మణికట్టు కిందికి వంగి ఉంది. విడదీద్దామంటే రాదు, నొప్పి. ఈ ఆకారం ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోరు. పెద్ద డాక్టరు గారు పరుగున వచ్చి కాల్షియం గ్లూకొనేట్ ఇంజక్షను నరంలోకి పది నిమిషాలు పట్టేంత నెమ్మదిగా ఎక్కించారు. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నన్ను ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి నేను రాసిన నిద్రమందు ఇచ్చి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనిపిస్తుంటుంది. కాల్షియం మరీ పడిపోతే గొంతులోని కండరాలు కూడా ఇలాగే బిగుసుకుని శ్వాస ఆగిపోవచ్చు.

గసపోయడం గురించి కూడా చెప్పాలి. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో మార్పు వచ్చి, ఉన్న కాల్షియంలో కూడా పనికివచ్చే భాగం మరికాస్త తగ్గుతుంది. కొంకర్లు పెరుగుతాయి, వాటిని చూసి భయం ఇంకా పెరుగుతుంది. అందుకని చుట్టూ చేరి ఏడవకండి. నెమ్మదిగా ఊపిరి తీయించండి. అయితే భయం తగ్గితే జబ్బు తగ్గిపోతుందని మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.

ఇంకో పొరపాటు పేరులో ఉంది. ఈ కొంకర్లను ఇంగ్లీషులో టెటనీ అంటారు. టెటనస్ వేరు, అది ధనుర్వాతం. రెండింటికీ పేరులోనే పోలిక. "ఆపరేషనయింది, ఒళ్ళు బిగుస్తోంది, ధనుర్వాతమే" అని టీటీ ఇంజక్షను పొడిపించి పంపేసిన సందర్భాలు నేను చూశాను. దానివల్ల కీడు జరగకపోవచ్చు, విలువైన రాత్రి ఒకటి వృథా అవుతుంది. గాలి సోకిందని తాయెత్తులు కట్టడం సంగతి చెప్పనక్కర్లేదు.

మా డాక్టర్లు చెవి ముందు వేలితో తట్టి పెదవి కొస అదురుతుందేమో చూస్తారు. బీపీ పట్టీ జబ్బకు బిగించి మూడు నిమిషాలు ఉంచి చెయ్యి గాజుల ఆకారంలోకి వస్తుందేమో చూస్తారు. ఈ రోజుల్లో ఇంటింటా బీపీ మిషన్లున్నాయి గనుక చెబుతున్నాను, ఈ రెండో పరీక్ష మీరు ఇంట్లో చేయవద్దు. మీరు చేయవలసింది ఒక్కటే. ఆపరేషను తర్వాత మొదటి వారం పది రోజులు రోజూ ఉదయం, సాయంత్రం రోగిని అడగండి: పెదవుల చుట్టూ, వేళ్ళ చివర, అరికాళ్ళలో చిమచిమలాడుతోందా? పిక్కలు పట్టేస్తున్నాయా? అవునంటే ఆ రోజే ఆపరేషను చేసిన డాక్టరుకు ఫోను చేసి, రక్తంలో కాల్షియం పరీక్ష చేయించండి. చెయ్యి బిగుసుకున్నా, ఊపిరి పీల్చేటప్పుడు కూత వచ్చినా, ఫిట్స్ వచ్చినా, గుండె దడతో కళ్ళు తిరిగినా పరీక్షల కోసం తిరగకండి. 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. గుమ్మంలోనే "థైరాయిడ్ ఆపరేషనయింది" అని చెప్పండి. మెడ చుట్టూ కప్పిన కొంగు తీసి చూపించండి.

కాల్షియం ఇంజక్షను ఇంటి దగ్గర చేయించుకునేది కాదు. తొందరగా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. నరం తప్పి చర్మం కిందికి కారితే అక్కడ కాలినట్లు పుండు పడుతుంది.

ఇక మాత్రలు. అసలు గందరగోళమంతా ఇక్కడే. థైరాయిడ్ పూర్తిగా తీసినవాళ్ళకు థైరాక్సిన్ మాత్ర జీవితాంతం ఉంటుంది, పరగడుపున వేసుకోవాలి. దానికీ కాల్షియం మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. రెండూ ఒకే గుక్కలో మింగితే కాల్షియం థైరాక్సిన్‌ను పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. మనవాళ్ళకు మాత్రలన్నీ ఒక డబ్బాలో పోసి, పొద్దున కాఫీతో ఒకేసారి వేసుకుంటే ఆ పూటకు పని అయిపోయిందన్న తృప్తి. సాధారణంగా ఇచ్చే కాల్షియం కార్బొనేట్ మాత్ర అన్నంతో పాటు వేసుకోవాలి. కడుపులో ఆమ్లం ఉంటేనే అది కరుగుతుంది. గ్యాసు కోసం ఒమెప్రజోల్ వంటి మాత్ర రోజూ వేసుకునేవాళ్ళలో అది సరిగా కరగదు. అలాంటివాళ్ళు ఆ సంగతి చెబితే కాల్షియం సిట్రేట్ రాస్తారు. ఆరు మాత్రలూ ఒక్కసారే మింగితే అందులో సగం వృథా. మూడు పూటలకు పంచుకోవాలి.

కాల్షియంతో పాటు కాల్సిట్రయాల్ అనే చిన్న గొట్టం మాత్ర కూడా ఇస్తారు. ఇది తయారైపోయిన విటమిన్ డి. పారాథైరాయిడ్ హార్మోను లేనప్పుడు మామూలు విటమిన్ డిని మూత్రపిండాలు సరిగా మార్చలేవు కాబట్టి తయారైనదే ఇవ్వాలి. వారానికోసారి పాలల్లో కలుపుకునే అరవై వేల యూనిట్ల పొడి దీనికి బదులు కాదు. "రెండూ విటమిన్ డి యే కదా" అని మందుల దుకాణంలో మార్చి ఇస్తే పుచ్చుకోకండి.

పథ్యం సంగతి. ఆపరేషనయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని, పెరుగు పెడితే జలుబు చేస్తుందని పదిహేను రోజులు కారప్పొడి మెతుకులు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ ఆపరేషనయిన వాళ్ళకు పాలు, పెరుగు మానిపించడమంత అన్యాయం లేదు. రాగులు మంచివే. ఉత్తరాంధ్రలో చోళ్ళన్నా, తెలంగాణలో తైదలన్నా ఇవే. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. కాని డాక్టరు రాసేది రోజుకు ఒకటిన్నర గ్రాము, ఒక్కోసారి అంతకు రెట్టింపు. అంత కాల్షియం సంకటి ముద్దల్లోంచి రావాలంటే అరకిలో పిండి తినాలి, తిన్నా అందులో కొంతే ఒంటికి పడుతుంది. అందుకని అంబలి తాగుతున్నాం గదా అని మాత్రలు మానకండి.

"సున్నం కూడా కాల్షియమే కదా, తాంబూలంలో కాస్త ఎక్కువ వేసుకుంటే?" అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. నోరు పొక్కుతుంది, ఎంత పోయిందో లెక్క తెలియదు. వద్దన్నాను.

ఎక్కువైనా ముప్పే. అతి దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వికారం, మనిషి మగతగా ఉండటం ఉంటే కాల్షియం పెరిగిందేమో చూడాలి. గ్రంథులు తేరుకున్నాక కూడా పాత చీటీ పట్టుకుని అవే మాత్రలు వేసుకుంటూ పోతే మూత్రపిండాల్లో రాళ్ళు పడతాయి. అలాగని మీ అంతట మీరు మానినా మొదటికి వస్తుంది. పరీక్ష చూసి డాక్టరే మెట్టు మెట్టుగా తగ్గించాలి. శాశ్వతంగా మందులు అవసరమైన వాళ్ళలో రక్తపు కాల్షియాన్ని కావాలనే ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య, మామూలు కంటే పిసరు తక్కువగా ఉంచుతాం. పూర్తిగా మామూలుకు తెస్తే హార్మోను అడ్డులేక మూత్రంలో ఎక్కువ పోతుంది. లాబు కాగితంలో "తక్కువ" అని కనబడగానే మా మీద ధ్వజమెత్తకండి. వీళ్ళకు ఆరు నెలలకోసారైనా రక్తపరీక్ష, మధ్యమధ్య మూత్ర పరీక్ష, కంటిలో శుక్లాల కోసం కంటి పరీక్ష ఉండాలి. గర్భం వస్తే మొదటి నెలలోనే చెప్పాలి. హార్మోనునే ఇంజక్షనుగా ఇచ్చే మందులు ఈమధ్య కొన్ని దేశాల్లో అనుమతి పొందాయి గాని, ధర మన అందుబాటులో లేదు.

ఆపరేషను ఇంకా జరగనివాళ్ళు ముందే విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించుకుని, తక్కువుంటే సరిచేసుకోవడం మంచిది. ఆపరేషనయిన కొన్ని గంటలకు పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష చేస్తే ఎవరికి ఇబ్బంది రాబోతోందో చాలావరకు తెలిసిపోతుంది. ఖర్చు కాస్త ఎక్కువే. సౌకర్యముంటే అడగండి. లేకపోతే ఇంటికి పంపేముందు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడు రోజులకు మరోసారి కాల్షియం చూడమని అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడడు. కోప్పడితే కోప్పడనివ్వండి.

ఇక ఉత్తరం రాసినాయన సంగతి. ఫోనులో అడిగితే ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆరు కాల్షియం మాత్రలూ, థైరాక్సినూ పొద్దున్నే కాఫీతో ఒక్కసారే. కాల్సిట్రయాల్ పది మాత్రల అట్ట అయిపోయింది, మళ్ళీ కొనలేదు. పైగా ఆవిడ నాలుగేళ్ళుగా గ్యాసు మాత్ర రోజూ వేసుకుంటున్నారు. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం తగ్గిపోతుంది. మెగ్నీషియం తక్కువగా ఉన్నన్నాళ్ళూ కాల్షియం ఎంత పోసినా నిలవదు. రెండూ పరీక్ష చేయించమని, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని చెప్పాను. కాల్షియం 6.9 ఉంది, మెగ్నీషియమూ బాగా తక్కువే. రెండు రోజులు ఉంచుకుని రెండూ నరంలోకి ఎక్కించి, మందులు వేళలవారీగా రాసి పంపారు.

మొన్న ఆయన మళ్ళీ ఫోను చేశారు. కాల్షియం 8.2కు వచ్చిందట, తిమ్మిర్లు లేవట. బి కాంప్లెక్సు ఇంజక్షన్లు మాత్రం నాకు ఉత్తరం రాసిన రోజే పదీ కొనేశారట. దుకాణం అతను వెనక్కి తీసుకోనంటున్నాడని చెప్పారు. దానికి నా దగ్గర మందు లేదు.